టెంకలో పురుగు
(జనవరి 12న నూజివీడులో ఇచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



భోగి ముంగిట్లో ఉంది. మామిడి తోటల్లో పూత కదిలే రోజులు. మీలో సగం మంది మనసు ఇక్కడ లేదనీ, తేనెమంచు పురుగుకి మందు ఎప్పుడు కొట్టాలా అన్న లెక్కలో ఉందనీ నాకు తెలుసు. "మీ సమయం ఎక్కువ తీసుకోను" అనడం ఉపన్యాసకులకి అలవాటు. అలా అన్నవాళ్లెవరూ మాట నిలబెట్టుకోగా నేను చూడలేదు కాబట్టి నేను ఆ మాట అనను.

1895లో ఇదే రోజున భీమవరంలో సుబ్బారావు పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కని కుర్రాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు తెల్లదొర ప్రొఫెసరు కన్నెర్రజేస్తే ఎం.బి.బి.ఎస్. పోయి ఎల్.ఎం.ఎస్. పట్టా మిగిలిన యువకుడు. 1922లో బోస్టన్ చేరి, బతకడానికి ఆసుపత్రిలో చిన్నా చితకా పని చేస్తూ చదువుకున్నాడు. ఆ తర్వాత ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి, కండరంలో శక్తినిచ్చే పదార్థాలు, ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు హెట్రజాన్. ఈ వరస మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. నేను ఎత్తుకునేది ఆ పాఠంలో ఆఖరి వాక్యం: 1948 ఆగస్టులో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయనకి 53 ఏళ్లు.

ఈ 53 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం ఉంది. అందులోంచి దక్షిణాసియా వాళ్ల లెక్కలు విడదీసి 2007లో అచ్చువేశారు. మనవాళ్లకి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్లకి దాదాపు 59. ఆరేళ్ల తేడా. ఒక మామిడి మొక్క నాటి మంచి కాపు చూసేంత కాలం అది.

సరే, పోటు 53కి వచ్చింది. జబ్బు ఎప్పుడు మొదలైంది?

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెల్ని కోసి చూసి 1953లో ముగ్గురు వైద్యులు ఒక నివేదిక రాశారు. ఆ సైనికుల సగటు వయసు 22. ఒంట్లో జబ్బు లేదని పరీక్ష చేసి మరీ యుద్ధానికి పంపిన కుర్రాళ్లు. వాళ్లలో 77 శాతం మందికి గుండె ధమనుల్లో అప్పటికే మార్పులు కనబడ్డాయి. నేను పాథాలజీ చదువుకునే రోజుల్లో ఈ లెక్క నమ్మలేదు, అమెరికా వాళ్ల తిండి వేరు అనుకున్నాను. తర్వాత మార్చురీ బల్ల మీద మన ఊళ్ల కుర్రాళ్లనే చూశాను. లారీ గుద్దినవాడు, అప్పులకి పురుగుమందు తాగినవాడు. బృహద్ధమనిని నిలువునా చీల్చి, నీళ్లు పోసి కడిగితే లోపలి గోడ మీద పసుపు చారలు. వేలితో రాస్తే కొంచెం ఎత్తుగా, మెత్తగా తగులుతాయి. పాతికేళ్లవాడు. తోటలో చెట్టెక్కి కాయ కోసినవాడు. ఛాతీలో నొప్పి అనే మాట ఎరగడు.

మామిడి రైతులకి ఇది కొత్త సంగతి కాదు. టెంక పురుగు మీకు తెలుసు. కాయ ఇంకా పిందెగా ఉన్నప్పుడే తల్లి పురుగు పైన గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుపోతుంది. పిందె పెరిగేకొద్దీ ఆ చిల్లు పూడిపోతుంది. కాయ పెరుగుతుంది, రంగు తిరుగుతుంది, వాసన వేస్తుంది. నున్న మార్కెట్లో గ్రేడింగులో కూడా నెగ్గుతుంది. టెంక పగలగొట్టినవాడికే తెలుస్తుంది లోపల ఏముందో. మనం గుండెజబ్బుకి చేసే వైద్యంలో ఎక్కువ భాగం కాయ పండాక మందు కొట్టడమే.

అయితే ఈ పోలిక ఒక చోట తప్పుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ తప్పిన చోటే ఉంది. టెంకలోకి వెళ్లేది పరాయి పురుగు. ధమని గోడలోకి వెళ్లేవి మన సొంత కావలివాళ్లు.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. ఊళ్లో "నరం పూడుకుపోయింది" అంటారు. పత్రికలు "పూడిక" అని రాస్తాయి. వినగానే కాలువలో మేట వేసినట్టు, గొట్టంలో పాచి పట్టినట్టు బొమ్మ కడుతుంది. మా గురువులూ అలాగే చెప్పారు, నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. ఆ బొమ్మ తప్పు. జబ్బు రక్తం పారే దారిలో మొదలవదు, గోడ లోపల మొదలవుతుంది. మేట అనేది పైన పేరుకునేది. ఇది పెంకుకింద పట్టిన చెద లాంటిది.

ధమని లోపలి వైపున ఒకే ఒక్క కణం మందాన పలుచని పొర ఉంటుంది. ఎండోథీలియం అంటారు. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకుపోయే ఎల్‌డీఎల్ రేణువులు ఎంత చిన్నవంటే, ఈ పొరని దాటి గోడలోకి వస్తూ పోతూ ఉంటాయి. రక్తంలో అవి ఎక్కువగా ఉంటే లోపలికి వచ్చినవాటిలో కొన్ని తిరిగి వెళ్లవు. గోడలో ఉండే జిగురు లాంటి పదార్థానికి అంటుకుని ఉండిపోతాయి. ఎక్కడ పడితే అక్కడ కాదు, ధమని రెండు పాయలుగా చీలే చోట. మెడలో రక్తనాళం చీలే చోట, గుండె ధమని కొమ్మలు వేసే చోట. నేరుగా పారే చోట ప్రవాహం పొరని ఒరుసుకుంటూ పోతుంది, ఆ ఒరిపిడి పొరకి మేలు. చీలిక దగ్గర ప్రవాహం తడబడుతుంది, వెనక్కీ ముందుకీ ఊగుతుంది. అక్కడ పొర బలహీనం.

అలా ఇరుక్కుపోయిన కొవ్వు నిలవుండి, ముక్కిపోయిన నూనెలా మారుతుంది. ఆక్సీకరణం అంటారు చదువుకున్నవాళ్లు. ముక్కిన వాసన ఇంటావిడకి ముందు తెలిసినట్టు, ఈ మార్పు ముందు పొరకి తెలుస్తుంది. అది తన రక్తం వైపు ముఖం మీద కొక్కేల్లాంటి అణువుల్ని మొలిపిస్తుంది. కుందేళ్ల ధమనుల్లో అలాంటి కొక్కేన్ని 1991లో సిబుల్‌స్కీ, జింబ్రోన్ చూపించారు. దానిపేరు వీక్యామ్-1. ఆ దారిన పోతున్న మోనోసైట్లు, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక జాతి, ఆ కొక్కేలకి తగులుకుంటాయి. కొంత దూరం దొర్లి, ఆగి, రెండు కణాల సందులోంచి నలిగి లోపలికి దూరతాయి. లోపలికి వెళ్లాక రూపం మార్చి మాక్రోఫేజ్‌లు అవుతాయి. పేరుకి అర్థం పెద్ద తిండిపోతు అని. ముల్లు గుచ్చుకుంటే చుట్టూ చేరేవీ, సూక్ష్మజీవిని మింగేవీ ఇవే. 1882లో మెస్సీనా తీరాన ఇల్యా మెచ్నికోవ్ నక్షత్ర చేప పిల్లలోకి ముల్లు గుచ్చి, కణాలు దాని చుట్టూ మూగడం చూశాడు. 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇవి లోపలికి వెళ్లి చేసే పని చెడ్డది కాదు. చెత్త కనబడింది, మింగుతాయి. చిక్కు ఎక్కడంటే, మామూలు కణానికి కొలెస్ట్రాల్ లోపలికి తీసుకునే ద్వారం ఒకటుంది. కడుపు నిండగానే ఆ ద్వారం మూసుకుంటుంది. దీన్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టెయిన్‌లకి 1985లో నోబెల్ ఇచ్చారు. మాక్రోఫేజ్‌కి మాత్రం మారిపోయిన కొవ్వుని లాక్కునే వేరే ద్వారాలున్నాయి. వాటికి "చాలు" అనే మాట తెలీదు. బంతిలో కూర్చున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టకపోతే వడ్డించేవాడు వడ్డిస్తూనే ఉన్నట్టు, కొవ్వు లోపలికి పోతూనే ఉంటుంది. చివరికి కణం నిండా కొవ్వు బొట్లు. సూక్ష్మదర్శిని కింద సబ్బు నురగలా కనబడుతుంది. అందుకే నురగ కణం అని పేరు. నేను వేలితో రాసి చూసిన ఆ పసుపు చార అంటే ఇలాంటి నురగ కణాల గుంపే.

"కంచే చేను మేసిందన్నమాట" అని మీరనవచ్చు. ఆ సామెత ఇక్కడ నప్పదని నా అభిప్రాయం. కంచె చేను మేయలేదు. చేలో పోసిన చెత్తని ఎత్తుతూ ఎత్తుతూ దాని కిందే కూలబడింది. ఈ తేడా మాటల గారడీ కాదు. మందు ఎవరి మీద ప్రయోగించాలి, కావలివాడి మీదా, చెత్త పోసేవాడి మీదా అన్నది దీన్ని బట్టే తేలుతుంది.

ఈ వివాదం పాతదే. పందొమ్మిదో శతాబ్దం నడిమిలోనే జర్మనీలో ఫిర్ఖో ఇది ధమని గోడలో రగిలే ఇన్‌ఫ్లమేషన్ అన్నాడు. వియన్నాలో రోకిటాన్‌స్కీ కాదన్నాడు. ఈ ఇన్‌ఫ్లమేషన్‌కి మన పత్రికలు వాపు అంటాయి, కొందరు వైద్య రచయితలు తాపం అన్నారు. నాకు రెండోదే నచ్చుతుంది. ధమనిలో బయటికి కనబడే వాపేమీ ఉండదు, లోలోపల కాగుతూ ఉండటమే ఉంటుంది. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్‌కోవ్ కుందేళ్లకి పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కలిపి పెట్టాడు. ధమనుల్లో జబ్బు వచ్చింది. ఉత్త నూనె పెట్టిన కుందేళ్లకి రాలేదు. కొవ్వు నింపుకున్న కణాల్ని ఆయనా చూశాడు. కానీ లోకం కొలెస్ట్రాల్ వరకే పట్టుకుని కణాల్ని వదిలేసింది. అవి రక్తంలోంచి వచ్చిన మోనోసైట్లేనని 1981లో గెరిటీ పందుల్లో చూపించేదాకా, 1999లో రస్సెల్ రాస్ ఇది ఇన్‌ఫ్లమేషన్ జబ్బని పెద్ద పత్రికలో తేల్చి రాసేదాకా, మా పాఠాల్లో ఈ కావలివాళ్లకి ఒక పేరా మించి చోటు లేదు.

నన్ను పూర్తిగా ఒప్పించింది 1995 నాటి ఎలుకల ప్రయోగం. కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగే ఎలుకల్లోనే, మాక్రోఫేజ్‌లు ఎదగడానికి కావలసిన ఒక పదార్థం పుట్టుకతోనే లేనివాటిని తయారుచేశారు. వాటి రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గకపోగా ఇంకా పెరిగింది. ధమనుల్లో జబ్బు మాత్రం బాగా తగ్గింది. కొవ్వు ఉండీ కావలివాడు లేకపోతే పుండు లేదు. అలాగని కావలివాణ్ణి తీసేస్తే ఆ ఎలుక బతుకు బతుకు కాదు, అది వేరే కథ.

తర్వాత తెలిసినవి గబగబా చెబుతాను. ధమని లోపలి పొర కింద పుట్టినప్పటి నుంచీ కొందరు కావలివాళ్లు కాపురముంటారు. మొట్టమొదట నురగ కట్టేది వాళ్లే, బయటివాళ్లు తర్వాత వస్తారు. వచ్చినవాళ్లు అక్కడే పిల్లల్ని పెడతారు, అంటే గోడలోనే విభజన చెంది పెరుగుతారు. టి కణాలు వచ్చి చేరతాయి. వాటిలో కొన్ని రెచ్చగొట్టేవి, కొన్ని చల్లార్చేవి. ఎలుకల్లో చూస్తే కణాల్లో పోగుపడ్డ కొలెస్ట్రాల్ తొలి రోజుల్లోనే సన్నని స్ఫటికాలు కడుతుంది. పంచదార పాకం అడుగున గట్టిపడ్డట్టు. ఆ స్ఫటికాల మొనలు కణం లోపల ఒక అలారం మోగిస్తాయని 2010లో తెలిసింది. ఆ అలారం మోగితే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థం బయటికి వస్తుంది. అది మరిన్ని కణాల్ని పిలుస్తుంది. చనిపోయిన నురగ కణాల్ని ఎత్తిపోసే పని మందగిస్తే మధ్యలో కుళ్లు గుంట ఏర్పడుతుంది. దాని మీద పలుచని మూత. ఆ మూత పగిలిన రోజున రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. దాన్నే మనం గుండెపోటు అంటాం. ఆ చివరి అరగంట గురించి మీకు ఏ ఆసుపత్రి హోర్డింగైనా చెబుతుంది. నాకు పట్టింపు ముందటి ముప్ఫై ఏళ్ల గురించి.

ఇప్పుడు మళ్లీ సుబ్బారావు గారి దగ్గరికి.

ఆయన లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ తయారీ సాధించిన బృందానికి పెద్ద. దానికి ఎదురు నడిచే మందులూ అక్కడే పుట్టాయి. అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లల రక్త క్యాన్సర్‌కి వైద్యం చేసి, 10 మందిలో కొంతకాలం గుణం కనబడిందని 1948లో రాశాడు. ఆ ఏడే సుబ్బారావు పోయారు. అమినోప్టెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్. ఇవాళ కీళ్లవాతం ఉన్న మన ఇళ్ల ఆడవాళ్లలో ఎందరో వారానికోసారి వేసుకునే మాత్ర అదే. కీళ్లవాతం కూడా కావలివాళ్లు తిరగబడ్డ జబ్బే. ఆ రోగుల్లో 1,240 మందిని గమనించి, మెథోట్రెక్సేట్ వేసుకున్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో వచ్చే మరణాలు దాదాపు 70 శాతం తక్కువ అని 2002లో ఒక అధ్యయనం అన్నది. ఒక తెలుగు వైద్యుడు గుండెపోటుతో పోతే, ఆయన చేతి మీదుగా వచ్చిన మందే గుండెపోటుకి విరుగుడయ్యే సూచన కనబడింది. కథకుడైతే ఇక్కడ ఆపేస్తాడు.

అమెరికా, కెనడాల్లో పాల్ రిడ్కర్ బృందం పరీక్షించి చూసింది. అప్పటికే గుండె ధమని జబ్బుండి, దానితో పాటు చక్కెర జబ్బో, నడుం కొవ్వూ రక్తపోటూ చక్కెరా లాంటివి కలిసి పెరిగే మెటబాలిక్ సిండ్రోమో ఉన్న 4,786 మంది. సగం మందికి వారానికోసారి తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్, సగం మందికి ఉత్త మాత్ర. అందరికీ ఫోలిక్ యాసిడ్. మందూ, దాని దుష్ఫలితాలకి కాపూ రెండూ సుబ్బారావు బృందం పనిలోంచే వచ్చినవని ఆ రోగుల్లో ఎందరికి తెలుసో. 2018లో ఫలితం వచ్చింది. గుండెపోట్లు తగ్గలేదు. రక్తంలో తాపం కొలతలూ తగ్గలేదు.

అంతకు ఏడాది ముందు అదే రిడ్కర్ 10,061 మంది మీద ఇంకో మందు పరీక్షించాడు. కనకినుమాబ్. అది ఇందాక చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని మాత్రమే పట్టి కట్టేస్తుంది. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు వంటి ప్రమాదాలు 15 శాతం తగ్గాయి, కొలెస్ట్రాల్ తగ్గకుండానే. తాపం జబ్బుకి తోడొచ్చేది కాదు, దాన్ని నడిపించేదేనని మనుషుల్లో రుజువైన సందర్భం అది. దానికి చెల్లించిన మూల్యం, ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరగడం. కావలివాణ్ణి నిద్రపుచ్చితే దొంగ వస్తాడు. ఈ జబ్బుకి దానికి అనుమతి రాలేదు.

తర్వాతది కాల్చిసిన్. గౌట్ నొప్పులకి వందల ఏళ్లుగా వాడుతున్నది. మన కంచెల వెంట నిప్పు రంగు పూలు పూసే అడవినాభి దుంపలోనూ గింజలోనూ ఉండేది ఇదే. దయచేసి ఎవరూ ఆ దుంప జోలికి పోకండి, అది మనుషుల్ని చంపుతుంది. గుండెపోటు వచ్చిన నెలలోపు రోజుకి అర మిల్లీగ్రాము ఇస్తే ప్రమాదాలు 23 శాతం తగ్గాయని 2019లో వచ్చింది. 2024లో ఇంకా పెద్ద పరీక్షలో ఆ లాభం కనబడలేదు. ఆ మందు గురించి తీర్పు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

సుబ్బారావు మందు ఓడిపోయిందని నేను చిన్నబుచ్చుకోను. మెథోట్రెక్సేట్ ఒక తాళంచెవి, ధమనిది వేరే తాళం. ఆ సంగతి తేలడానికి వేల మంది ఏళ్ల తరబడి మాత్ర మింగారు. ఒక మాట గట్టిగా చెప్పగలను. ఇప్పటికి మన చేతిలో ఉన్న దారుల్లో బాగా పనిచేసేది చెత్త పోయడం ఆపడమే. ఎల్‌డీఎల్ తగ్గితే పొర కొక్కేలు ముడుచుకుంటాయి, కొత్త కణాలు రావడం తగ్గుతుంది. పసుపు చార దశలో ఉన్నది వెనక్కి కూడా పోగలదు. 55లో ఈ పని మొదలుపెట్టినవాడి కన్నా 30లో మొదలుపెట్టినవాడు చాలా ముందుంటాడు.

"ఇది పట్నాల జబ్బు కదా" అనేవాళ్లకి పక్కనున్న గోదావరి జిల్లాల లెక్క చెబుతాను. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరుల్లోని 45 పల్లెల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకి కారణాలు ఇంటింటికీ వెళ్లి అడిగి రాశారు. 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అన్నిటికన్నా అదే మొదటి స్థానం. మెట్టా పల్లమూ అన్న తేడా తప్పిస్తే ఆ పల్లెలకీ మన పల్లెలకీ ఏం తేడా?

మొదలు ఇంకా ముందే పడుతుందనడానికి హైదరాబాద్ దగ్గరి పల్లెల సాక్ష్యం ఉంది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 29 పల్లెల్లో ఒక పరిశీలన చేసింది. కొన్నిటిలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం అందింది, కొన్నిటిలో అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన పల్లెల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, వాళ్ల ధమనులు కాస్త మెత్తగా ఉన్నాయి. అంగన్‌వాడీలో ఆయా వడ్డించే గరిటె గుండె వైద్యంలో భాగమని నేనంటే నా తోటి డాక్టర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మామిడిపండు తినచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కనక ముందే చెబుతున్నాను. మామిడిలో కొలెస్ట్రాల్ లేదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి, లెక్కగా తినండి. చిన్న రసం దొరికే ఊళ్లో పుట్టి దాన్ని మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆవకాయ సంగతి వేరు. దాన్లో నూనె కన్నా ఉప్పు ఆలోచించవలసింది, రక్తపోటు ఎండోథీలియాన్ని నలిపేస్తుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ ఆ పొర మీదికే సూటిగా పోతుంది. మామిడి కొట్టేసి పామాయిల్ వేసినవాళ్లు ఈ సభలో ఉన్నారు, పెదవేగిలో దానికి జాతీయ పరిశోధన సంస్థే ఉంది. పండించడం మీ ఇష్టం, మీ లెక్కలు మీవి. ఆ నూనెలో సుమారు సగం సంతృప్త కొవ్వు, అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. ఇంట్లో రోజూ వేపుళ్లు దానితోనే వేయకండి, అంతే.

పిందె దశలో టెంక పురుగుకి మందు కొట్టడం మానే రైతు ఈ హాల్లో ఒక్కడూ లేడు. ఈ హాలు బయట వరండాలో రక్తపోటు చూసే బల్ల వేశారు. కొలెస్ట్రాల్, చక్కెర పరీక్షకి రక్తం తీసే అమ్మాయిలు సాయంత్రం ఆరింటి దాకా ఉంటారు. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్లు వరసలో ముందు మీరు నిలబడకండి. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మీ పాతికేళ్ల కొడుకునీ కూతుర్నీ ముందు కూర్చోబెట్టండి.